రెండు క్లాసుల హీరో తేలిపోతున్నాడా? సమస్య, కారణం, పరిష్కారం

డైస్ వేస్తూ కథ నడిపే టేబుల్ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో మల్టీక్లాస్ పాత్ర, అంటే ఫైటర్, విజార్డ్ లాంటి క్లాసులు ఒకటికి మించి కలిపినది, కాగితం మీద అదరగొడుతుంది. టేబుల్ దగ్గరికొచ్చేసరికి పక్కవాడి మామూలు ఫైటర్ ముందు వెలవెలబోతుంది. విశాఖలో మా ఆదివారం బ్యాచ్‌లో కొత్తగా చేరేవాళ్ళు చాలామంది ఈ గుంటలోనే పడుతుంటారు. నెట్‌లో కనబడే బిల్డులు (పాత్రని ఎలా పెంచాలో చెప్పే ప్లాన్లు) 20వ లెవెల్‌కి చేరాక పాత్ర ఎలా ఉంటుందో చూపిస్తాయి. మన ఆట మాత్రం ఎక్కువగా 3కీ 8కీ మధ్యే నడుస్తుంది, చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది కూడా. కాబట్టి ఏ క్లాసులు కలిపారన్నది తర్వాత, ఏ లెవెల్లో కలిపారన్నది ముందు చూసుకోవాలి.

ఇక్కడ చెప్పే రూల్స్ 2014 నాటి ఐదో ఎడిషన్‌వి. మా టేబుల్ ఇంకా వాటి మీదే ఉంది. 2024 పుస్తకంలో మారినవి చివర్న చెబుతాను. ఇంకో మాట: 2014 పుస్తకం ప్రకారం మల్టీక్లాస్ ఆప్షనల్ రూల్, డీఎం (డంజన్ మాస్టర్, ఆట నడిపేవాడు) ఒప్పుకుంటేనే ఉంటుంది. పాత్రంతా రాసేసుకుని సెషన్ రోజు అడిగేకంటే ముందే ఒక మెసేజ్ పెట్టండి. పుస్తకం కొనడానికి వెనకాడేవాళ్ళకి ఎస్‌ఆర్‌డీ 5.1 (ప్రాథమిక రూల్స్ ఉన్న అధికారిక పత్రం) పీడీఎఫ్ ఉచితంగానే దొరుకుతుంది, మల్టీక్లాస్ రూల్స్ అందులోనూ ఉన్నాయి.

లక్షణం: "ఏట్రా, ఐదో లెవెల్లో కూడా ఒక్క దెబ్బేనా?"

అన్నిటికంటే ఎక్కువగా వినబడేది ఇదే. పార్టీ మొత్తం ఐదో లెవెల్‌కి వచ్చింది. పాలడిన్ రెండుసార్లు కొడుతున్నాడు, విజార్డ్ ఫైర్‌బాల్ వేస్తున్నాడు. మీ ఫైటర్ 3, విజార్డ్ 2 మాత్రం పోయిన నెల ఎలా కొట్టాడో ఇప్పుడూ అలాగే కొడుతున్నాడు.

కారణం ఏంటంటే, పాత్ర మొత్తం లెవెల్‌ని బట్టి పెరిగేవి చాలా తక్కువ. ప్రొఫిషియెన్సీ బోనస్ (బాగా వచ్చిన పనుల్లో డైస్‌కి కలిపే అంకె), కాంట్రిప్‌ల (ఎన్నిసార్లైనా వేసుకోగల చిన్న స్పెల్స్) దెబ్బ, ముఖ్యంగా ఈ రెండే. మిగతావి దాదాపు అన్నీ ఆ క్లాసులో మీకున్న లెవెల్ చూస్తాయి. ఎక్స్‌ట్రా అటాక్ (టర్న్‌లో రెండో దెబ్బ) కావాలంటే ఫైటర్‌లోనే 5 ఉండాలి. మూడో స్థాయి స్పెల్ రావాలంటే విజార్డ్‌లోనే 5 ఉండాలి. 3 ప్లస్ 2 ఇక్కడ 5 కాదు.

లెక్క వేసి చూద్దాం. ఎదురుగా ఓగ్రీ ఉంది. ఏసీ (దెబ్బ తగలాలంటే డైస్, అటాక్ బోనస్ కలిపి రావాల్సిన అంకె) 11, హిట్ పాయింట్లు (ప్రాణం) 59. గ్రేట్‌సోర్డ్ పట్టిన ఫైటర్ 5 నాలుగో లెవెల్లో స్ట్రెంగ్త్ (బలం స్కోర్) 18 చేసుకున్నాడు కాబట్టి అటాక్ ప్లస్ 7. 20 ముఖాల డైస్ మీద 4 పడినా తగులుతుంది. దెబ్బకి సగటున 11, టర్న్‌కి రెండు దెబ్బలు. క్రిటికల్స్ వదిలేస్తే రౌండుకి 18 పైనే, నాలుగో రౌండుకి ఓగ్రీ పడిపోతుంది. ఇప్పుడు ఫైటర్ 3, విజార్డ్ 2. స్ట్రెంగ్త్ ఇంకా 16 దగ్గరే ఉంది, అటాక్ ప్లస్ 6, ఒకటే దెబ్బ, సగటున 10. గురి తప్పేవి కూడా లెక్కేస్తే రౌండుకి 8. ఓగ్రీ పడడానికి ఎనిమిది రౌండ్లు! యాక్షన్ సర్జ్ (ఆ టర్న్‌లో ఇంకో యాక్షన్ ఇచ్చే ఫైటర్ శక్తి) వాడతానంటారేమో, అది అవతలి ఫైటర్‌కీ ఉంది, వాడు వాడితే రెండు దెబ్బలు అదనం.

పరిష్కారం: మొదటి క్లాసులో ఆపకుండా 5 దాకా వెళ్ళండి, రెండోది ఆ తర్వాతే. ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, ఎక్స్‌పీరియన్స్ పట్టిక ఒకసారి చూడండి. ఐదో లెవెల్‌కి మొత్తం 6,500 చాలు. ఆరుకి 14,000 కావాలి. అంటే ఐదు నుంచి ఆరుకి వెళ్ళే ఒక్క మెట్టు, అంతకుముందు ఎక్కిన మెట్లన్నిటికంటే పెద్దది. ఐదుకి ముందే ఒక లెవెల్ పక్క క్లాసులో పెడితే, ఆ రెండో దెబ్బ కోసం 14,000 దాకా ఆగాలి. ఒకడికి స్టీల్ ప్లాంటులో బి షిఫ్టు, ఇంకొకడికి పోర్టులో డ్యూటీ, మరొకడికి సెమిస్టర్ పరీక్షలు. సెషన్ కుదరడమే గగనమైన బ్యాచ్‌లో ఆ గ్యాప్ నెలల్లోకి వెళ్తుంది. పుస్తకంలో చిన్నగా కనిపించే ఒక లెవెల్, క్యాలెండర్లో ఒక సీజన్.

దీనికి మినహాయింపు ఉంది. దెబ్బంతా కాంట్రిప్ మీదే ఆధారపడితే ఈ బాధ తక్కువ. వార్‌లాక్ 2 తీసుకున్న సోర్సరర్‌కి ఎల్‌డ్రిచ్ బ్లాస్ట్ అనే కాంట్రిప్ మొత్తం లెవెల్ 5లో రెండు కిరణాలు, 11లో మూడు, 17లో నాలుగు అవుతుంది. అగోనైజింగ్ బ్లాస్ట్ ఉంటే ప్రతి కిరణం దెబ్బకీ కరిజ్మా స్కోర్ బోనస్ కలుస్తుంది. స్పెల్స్ ఆలస్యమైనా చేతులు ఖాళీగా ఉండవు.

ఇక రెండు క్లాసుల నుంచి ఎక్స్‌ట్రా అటాక్ వస్తే మూడు దెబ్బలు అనుకునేవాళ్ళు ఉన్నారు. కావు. అది ఒకదాని మీద ఒకటి పేరదు. పాలడిన్ 5, రేంజర్ 5 అంటే పదో లెవెల్లో కూడా రెండు దెబ్బలే.

లక్షణం: పెద్ద స్లాట్లు ఉన్నాయి, వాటిలో వేయడానికి స్పెల్ లేదు

క్లెరిక్ 3, విజార్డ్ 3 తీసుకోండి. రెండూ పూర్తి స్పెల్ క్లాసులే కాబట్టి స్లాట్ల (స్పెల్ వేసినప్పుడల్లా ఖర్చయ్యే వంతులు) కోసం 6గా కలుస్తాయి: మొదటి స్థాయివి 4, రెండోవి 3, మూడోవి 3. చూడగానే నోరూరుతుంది. కానీ ఏ స్పెల్స్ నేర్చుకోవాలన్నది క్లాసుకి విడివిడిగా చూడాలి. క్లెరిక్‌గా మూడో లెవెల్‌కి రెండో స్థాయి దాకానే, విజార్డ్‌గా కూడా అంతే. మూడో స్థాయివైన ఫైర్‌బాల్ లేదు, రివివిఫై లేదు. రెండు పడవల మీద కాళ్ళంటే అచ్చంగా ఇదే.

ఇప్పటికే ఇలా ఉన్నవాళ్ళు, పై స్లాట్లో వేస్తే బలం పెరిగే స్పెల్స్ వెతుక్కోండి. స్కార్చింగ్ రే మూడో స్థాయి స్లాట్లో 4 కిరణాలవుతుంది. ఎయిడ్ అదే స్లాట్లో ముగ్గురికి తలా 10 హిట్ పాయింట్లు ఇస్తుంది. ఇంకా మొదలుపెట్టనివాళ్ళు సమంగా పంచే ఆలోచనే మానుకోండి. క్లెరిక్ 1, మిగతాదంతా విజార్డ్ అయితే స్లాట్లు ఒక్కటీ తగ్గవు, స్పెల్స్ ఒక లెవెల్ ఆలస్యమవుతాయి అంతే. లైఫ్, వార్, టెంపెస్ట్ లాంటి డొమైన్ (క్లెరిక్ సబ్‌క్లాస్, అంటే క్లాసులోపలి శాఖ) తీసుకుంటే బరువైన కవచం కూడా వస్తుంది. అయితే చెయిన్ మెయిల్‌కి స్ట్రెంగ్త్ 13, ప్లేట్‌కి 15 లేకపోతే నడక 10 అడుగులు తగ్గుతుందని గుర్తుంచుకోండి. పరిగెత్తలేని విజార్డ్‌ని కాపాడడం మిగతా పార్టీకి పెద్ద పని.

పాలడిన్, రేంజర్ లెవెళ్ళని స్లాట్ల కోసం సగం చేసి కలపాలి, మిగిలిన అర వదిలేయాలి. పాలడిన్ 6, సోర్సరర్ 2 అంటే 3 ప్లస్ 2, మొత్తం 5. మూడో స్థాయి స్లాట్లు రెండు వస్తాయి. వాటికి స్పెల్ లేకపోయినా దిగులు లేదు, డివైన్ స్మైట్‌లో పోయొచ్చు: మూడో స్థాయి స్లాటుకి దెబ్బకి అదనంగా 4డీ8, అంటే ఎనిమిది ముఖాల డైస్ నాలుగు. పైగా ఆరో లెవెల్ పాలడిన్ ఆరా చుట్టూ ఉన్నవాళ్ళ సేవింగ్ త్రోలని (ఆపద తప్పించుకోవడానికి వేసే డైస్) కూడా పెంచుతుంది. నాకు నచ్చిన మల్టీక్లాస్‌లలో ఇది ముందుంటుంది. ఎక్కడా ఏదీ వృథా కాదు.

లక్షణం: అన్నీ 13లే, ఏదీ తగలదు

రెండో క్లాసులోకి వెళ్ళాలంటే కొత్త క్లాసుకే కాదు, ఇప్పుడున్న క్లాసుకి కూడా అడిగిన స్కోర్ (స్ట్రెంగ్త్, కరిజ్మా లాంటి గుణాల అంకె) 13 ఉండాలి. ఇది తెలియక సెషన్ రోజు లెవెల్ పెంచుకునేటప్పుడు తెల్లముఖం వేస్తుంటారు. పాలడిన్‌కి స్ట్రెంగ్త్, కరిజ్మా. మంక్‌కి డెక్స్‌టెరిటీ, విజ్‌డమ్. ఈ రెండూ కలుపుతానని ఒకబ్బాయి పట్టుబట్టాడు. పాయింట్ బై (స్కోర్లని పాయింట్లతో కొనుక్కునే పద్ధతి) 27 పాయింట్లలో నాలుగు 13లకే 20 పోయాయి. మిగిలిన 7తో కాన్‌స్టిట్యూషన్ 14 కొంటే ఇంటెలిజెన్స్ 8 దగ్గర ఉండిపోయింది. జాతి బోనస్ కలపకముందు ఒక్క 15 కూడా లేదు. దేవుడి దయ వల్ల వాడే మానుకున్నాడు.

స్కోర్ పెంచుకునే అవకాశం కూడా క్లాసు లెవెల్‌నే చూస్తుంది: 4, 8, 12, 16, 19. ఫైటర్‌కి 6, 14 అదనం, రోగ్‌కి 10 అదనం. ఫైటర్ 3, రోగ్ 3, వార్‌లాక్ 2 అనే ఎనిమిదో లెవెల్ పాత్రకి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా రాలేదు. అదే లెవెల్లో ఉత్త ఫైటర్‌కి మూడుసార్లు వచ్చింది.

పరిష్కారం సూటిగా ఉంది. ఒకే స్కోర్ మీద నడిచే క్లాసులు కలపండి. కరిజ్మా మీద వార్‌లాక్, సోర్సరర్, బార్డ్, పాలడిన్. విజ్‌డమ్ మీద క్లెరిక్, డ్రూయిడ్. రెండో క్లాసులోకి వెళ్ళే ముందు మొదటిదాంట్లో 4 దాటడం ఎలాగూ తప్పదు, పైన చెప్పిన 5 నియమం పాటిస్తే ఇది దానంతటదే కుదురుతుంది. మూడో క్లాస్ సంగతంటారా, వద్దు.

లక్షణం: చేయాల్సినవి బోలెడు, టర్న్ మాత్రం ఒకటే

రేంజర్, రోగ్ కలిపినవాళ్ళు దీన్ని బాగా ఎరుగుదురు. హంటర్స్ మార్క్ స్పెల్ వేయడం బోనస్ యాక్షన్ (టర్న్‌లో అసలు యాక్షన్‌కి తోడు దొరికే చిన్న పని), దాన్ని ఇంకో శత్రువు మీదకి మార్చడం బోనస్ యాక్షన్. ఎడమచేతి కత్తి బోనస్ యాక్షన్, రోగ్‌కి వచ్చే కన్నింగ్ యాక్షన్ కూడా బోనస్ యాక్షనే. టర్న్‌కి ఉండేది ఒకటి.

ఒక కాగితం మీద మూడు గీతలు గీసి యాక్షన్, బోనస్ యాక్షన్, రియాక్షన్ అని రాయండి. మీకున్నవన్నీ వాటి కింద సర్దండి. ఒక గడి పొంగిపొర్లి, పక్కది ఖాళీగా ఉంటే బిల్డ్ తప్పు. ఈ కాగితాన్ని పాత్ర తయారు చేసే ముందే రాయాలి, తర్వాత రాస్తే ఏడవడానికే పనికొస్తుంది. కాన్సంట్రేషన్ (వేసిన స్పెల్‌ని నిలబెట్టి ఉంచే ధ్యాస) కూడా ఒకటే అని అదే కాగితం మూల రాసుకోండి. హెక్స్, హంటర్స్ మార్క్ రెండూ కాన్సంట్రేషన్ అడుగుతాయి, రెండూ ఒకేసారి నిలవవు.

యాక్షన్ సర్జ్ ఉంటే స్నీక్ అటాక్ (రోగ్‌కి ఉండే అదనపు దెబ్బ) రెండుసార్లు పడుతుందని ఆశపడి ఫైటర్ 2 తీసుకునే రోగ్‌లున్నారు. స్నీక్ అటాక్ టర్న్‌కి ఒక్కసారే. మొదటి దెబ్బ తప్పితే రెండో అవకాశం దొరుకుతుంది, అంతవరకే లాభం.

లక్షణం: ఫైటర్ తీసుకున్నా ప్లేట్ కవచం కుదరట్లేదు

మల్టీక్లాస్‌గా ఫైటర్‌లోకి వెళ్తే తేలిక, మధ్యరకం కవచాలు, డాలు, ఆయుధాలు వస్తాయి. బరువైన కవచం రాదు. అది ఫైటర్‌గానే పాత్ర మొదలుపెట్టినవాళ్ళకే. సేవింగ్ త్రోలు కూడా మొట్టమొదటి క్లాసువే ఉంటాయి, తర్వాతివి కలవవు. అందుకని ఫైటర్ ముందు, విజార్డ్ తర్వాత అయితే కాన్‌స్టిట్యూషన్ సేవ్ వస్తుంది, దెబ్బ తగిలినా కాన్సంట్రేషన్ నిలబడుతుంది. వరస తిప్పితే అది పోయి విజ్‌డమ్ సేవ్ వస్తుంది. ప్రొఫిషియెన్సీ ఉన్న కవచంలో విజార్డ్ నిక్షేపంగా స్పెల్స్ వేయొచ్చు.

లక్షణం: రేజ్‌లో ఉండగా స్పెల్ వేయనివ్వట్లేదు

రేజ్ అంటే బార్బేరియన్ ఆవేశం, అందులో ఉండగా వేయనివ్వరు. కాన్సంట్రేషన్ కూడా పోతుంది. బార్బేరియన్‌కి జోడీ కావాలంటే రోగ్‌ని చూడండి. రేపియర్‌ని స్ట్రెంగ్త్‌తో వాడితే రేజ్ దెబ్బ కలుస్తుంది, రెక్‌లెస్ అటాక్ వల్ల అడ్వాంటేజ్ (డైస్ రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) వస్తుంది, ఆ అడ్వాంటేజ్‌తో స్నీక్ అటాక్ పడుతుంది.

లక్షణం: వార్‌లాక్ స్లాట్ల లెక్క తెగట్లేదు

వార్‌లాక్ స్లాట్లు, మిగతా క్లాసుల లెవెళ్ళు కలిపి చూసే ఉమ్మడి స్లాట్ల పట్టికలో కలవవు. వాటి లెక్క వేరు, షార్ట్ రెస్ట్‌కే (పాత్రలు మధ్యలో తీసుకునే చిన్న విశ్రాంతి) తిరిగొస్తాయి. స్పెల్ మాత్రం ఏ స్లాట్లోంచైనా వేసుకోవచ్చు. గందరగోళం అక్కడే. మా టేబుల్ మీద మామూలు స్లాట్లకి ఆర్కే బీచ్‌లో కొన్న గవ్వలు, వార్‌లాక్ స్లాట్లకి చింతపిక్కలు పెడతాం. షార్ట్ రెస్ట్ అనగానే పిక్కలు వెనక్కి వస్తాయి, గవ్వలు రావు. మురీ మిక్చర్ తిన్న చేత్తో ముట్టుకున్నా చెడిపోవు, క్యారెక్టర్ షీట్ విషయంలో ఆ మాట చెప్పలేం. డీఎం షార్ట్ రెస్ట్‌లు అసలు ఇవ్వడంటే వార్‌లాక్ జోలికే పోవద్దు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళకి

ఫైటర్ 3, విజార్డ్ 3 దగ్గర ఉన్నారనుకోండి. రెండింటినీ మార్చిమార్చి పెంచడం ఆపండి. వచ్చే రెండు లెవెళ్ళూ ఒకే దాంట్లో పెట్టండి, 5 వచ్చేదాకా ఇటు అటు చూడొద్దు. ఎనిమిదో లెవెల్‌కి పాత్ర మళ్ళీ ఊపిరి తీసుకుంటుంది. అంతకాలం ఆగలేకపోతే డీఎంతో నేరుగా మాట్లాడండి: "అన్నా, నాకు ఆట మీద ఇష్టం పోవట్లేదు, ఈ బిల్డ్ మీదే పోతోంది. కథలో ఏదో ఒక మిషతో లెవెళ్ళు తిరగరాసుకోనిస్తావా?" పుస్తకంలో దీనికి రూల్ లేదు, డీఎం ఇష్టం. కాస్త మనసున్నవాళ్ళెవరూ కాదనరు.

2024 పుస్తకంతో ఆడుతుంటే

అన్ని క్లాసులకీ సబ్‌క్లాస్ మూడో లెవెల్లోనే. వార్‌లాక్‌లోనో క్లెరిక్‌లోనో ఒక్క లెవెల్ పెట్టి సబ్‌క్లాస్ శక్తులు పట్టేద్దామనే ఎత్తు ఇక పారదు. పాలడిన్, రేంజర్ సగం లెక్కలో అర మిగిలితే ఇప్పుడు పైకి తీసుకోవాలి. డివైన్ స్మైట్ స్పెల్‌గా మారింది, బోనస్ యాక్షన్ కూడా తింటుంది, కాబట్టి పాలడిన్ కలిపే ప్రతివాళ్ళూ పైన చెప్పిన మూడు గీతల కాగితాన్ని మళ్ళీ గీసుకోవాలి. ఎక్స్‌ట్రా అటాక్ పేరదన్న రూల్ మాత్రం అలాగే ఉంది. టేబుల్ మీద సగం మంది దగ్గర పాత పుస్తకం, సగం మంది దగ్గర కొత్తది ఉంటే, ఏది నడుస్తుందో డీఎం చేత మొదటి సెషన్‌లోనే గ్రూపులో రాయించుకోండి.