చౌడు పటం ఎలా గీయాలి?

పొలంలో తెల్లటి పొర కనిపించగానే జిప్సం బస్తాలు దించేస్తారు. జిప్సం కారుచౌడుకు (సోడియం ఎక్కువైన నేలకు) మందు, పాలచౌడుకు (ఉప్పు పేరుకున్న నేలకు) దానితో పని లేదు. ఏ చౌడు ఎక్కడ ఎంత లోతున ఉందో ముందు తేల్చుకోవాలి.

మట్టి తీసే ఆగర్, సంచులు, డిస్టిల్డ్ నీరు, ఈసీ మీటరు (నీటిలోని ఉప్పును విద్యుత్ వాహకతతో కొలిచేది) చాలు. మీటరును 1413 మైక్రోసైమన్ల (ఈసీ కొలమానం) ప్రామాణిక ద్రావణంతో సరిచూడండి. పొలాన్ని గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలో 0-15, 15-30, 30-60, 60-90 సెంటీమీటర్ల మట్టిని విడివిడిగా తీయండి. వివరాలు పెన్సిల్‌తోనే రాయాలి, పెన్ను వద్దు. ఉపగ్రహ చిత్రం ఉందిగా అంటారు కొందరు. అది చూసేది పైపొరను, వేర్లు ఉండేది కింద.

అందరూ తప్పేది కొలతలోనే. మట్టిని నీడలో ఆరబెట్టి, నలిపి, జల్లించి 20 గ్రాములు తూచండి. 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీరు పోసి గంటసేపు కుదపండి. కుళాయి నీరు పోశారో, మీరు కొలిచేది కుళాయినే. తేటపడ్డాక మీటరు ముంచండి, అడుగు మట్టిని కదపకండి. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే అంకె సుమారు 2 శాతం పెరుగుతుంది. అందుకే 25 డిగ్రీలకు సరిచేసే మీటరే వాడాలి.

వచ్చిన అంకెను నేరుగా పటం మీద వేయకండి! చౌడుకు హద్దుగా చెప్పే 4 డెసిసైమన్లు సంతృప్త మట్టి ముద్ద (నీటితో పూర్తిగా నానిన మట్టి) నుంచి పిండిన నీటికి వర్తించేది. మీ సీసాలో ఉప్పు బాగా పలచబడింది. ఇసుక నేలైతే సుమారు 14తో, బరువైన బంకమట్టైతే సుమారు 7తో హెచ్చించాలి. సీసాలో 0.4 డెసిసైమన్లు వస్తే ఇసుకలో అది 5.6, అంటే చౌడు. బంకమట్టిలో 2.8, హద్దు లోపలే. నేల తీరు రాసుకోకుండా గీసిన పటం చింపేయవలసిందే. పీహెచ్ 8.5 దాటిన గడులకు సోడియం పరీక్ష కూడా చేయించండి.

బోరు నీటి ఈసీ కూడా కొలవండి, కానీ మోటారు వేయగానే నీరు పట్టకండి. గొట్టంలో నిలవ ఉన్నది పోయి, ఈసీ అంకె నిలకడగా వచ్చాకే పట్టండి. నీటిమట్టం లోతూ రాయండి. అది 2 మీటర్ల లోపే ఉంటే ఉప్పు పైకి ఎగబాకుతూనే ఉంటుంది. మురుగు కాలువ తవ్వకుండా ఎంత నీరు పెట్టినా వృథా.

మురుగు పోయే దారి ఉంటే పాలచౌడు గడులకు గట్లు వేసి మంచి నీరు నిలబెట్టండి. అడుగు లోతు నేలలో అడుగు నీరు ఇంకితే 70-80 శాతం ఉప్పు కిందికి దిగుతుంది. నేల ఆరాక అవే గడుల్లో, అవే లోతుల్లో మళ్లీ కొలవండి.