వేట నిషేధం ముగిసేలోపు చుక్కాని గ్లాండ్ చూసుకోండి

జూన్ 14 అర్ధరాత్రి దాటగానే విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల నుంచి మరబోట్లు ఒకదాని వెంట ఒకటి వేటకు కదులుతాయి. ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం నడిచే ఆ 61 రోజుల్లో బోటుకి రంగు పడుతుంది, ఇంజనుకి ఆయిలు మారుతుంది, వలలు బాగవుతాయి, చెక్కబోటైతే పలకల సందులు కూరుస్తారు. చుక్కాని షాఫ్టు బోటులోకి వచ్చే చోట నీళ్లు రాకుండా ఆపే గ్లాండ్‌ని మాత్రం చాలామంది చూడరు. అది వెనక గదిలో, తాళ్ల చుట్టల కింద, మూత తీసి వంగి దూరితే తప్ప కనబడని చోట ఉంటుంది. ఇంజను దగ్గర చుక్క నీరు కారినా వెంటనే చూసే సరంగు (బోటు నడిపేవాడు) ఈ గదిలోకి నెలకోసారి కూడా తొంగిచూడడు.

"ఏటవుతాదిలే బావా, పంపుంది కదా" అనే మాట రేవులో తరచూ వినబడుతుంది. పంపు ఉన్నమాట నిజమే. కానీ లెక్క వేసి చూడండి. సెకనుకి ఒక చుక్క చొప్పున కారితే రోజుకి నాలుగైదు లీటర్లు. దాంతో భయం లేదు. అదే కారుడు నిమిషానికి లీటరు ధారగా మారితే రోజుకి 1,440 లీటర్లు, అంటే దాదాపు టన్నున్నర ఉప్పునీరు. గ్లాండ్ పూర్తిగా విడిపోయి, నీటిమట్టానికి ఒక అడుగు కింద అంగుళం బెజ్జమంత దారి దొరికిందనుకోండి, నిమిషానికి సుమారు 40 లీటర్లు వస్తాయి. గంటకి రెండు టన్నుల పైమాటే. బోటు పంపు బాగుండి, బ్యాటరీ బాగుండి, పంపు మూతికి చెత్త అడ్డం పడకుండా ఉంటేనే ఆ నీటిని తోడగలం. చేపల పొలుసులు, ప్లాస్టిక్ ముక్కలు తేలే ఆ అడుగునీళ్లలో పంపు మూతి మూసుకుపోవడానికి ఎంతసేపు పడుతుందో కలాసీలకు చెప్పనక్కర్లేదు.

ఇందులో అసలు మోసం ఒకటుంది. రేవులో ఖాళీగా కట్టిన బోటుకి వెనక భాగం పైకి తేలి ఉంటుంది. చాలా బోట్లలో అప్పుడు గ్లాండ్ నీటిమట్టానికి పైనే ఉంటుంది, కాబట్టి పొడిగా కనబడుతుంది. డీజిలు నింపి, ఐసు ఎక్కించి, మంచినీళ్లు, బియ్యం, వలలు వేశాక వెనక భాగం కిందికి దిగుతుంది. ఇంజను జోరు పెంచితే ఇంకా దిగుతుంది. చేపతో నిండి తిరిగొచ్చేటప్పుడు వెనక నుంచి అల కొడుతుంటే ఆ గ్లాండ్ పూర్తిగా నీళ్లలోనే ఉంటుంది. వెనక గదిలో చేరిన నీటి బరువు బోటుని మరింత దించుతుంది, దిగినకొద్దీ కారుడు పెరుగుతుంది. అందుకే "రేవులో చుక్క కూడా కారలేదు" అన్నది పరీక్ష కాదు.

ఇంకో అలవాటు కూడా మానుకోవాలి. పంకా షాఫ్టు (ఇంజను నుంచి ప్రొపెల్లరుకి వెళ్లేది) గ్లాండ్ నడుస్తున్నప్పుడు చుక్కచుక్కగా కారాలి, లేకపోతే రాపిడికి కాలిపోతుంది. ఆ అలవాటుతో చుక్కాని గ్లాండ్ కారినా మామూలే అనుకుంటారు. చుక్కాని షాఫ్టు గిరగిరా తిరిగేది కాదు, అటూ ఇటూ కొంచెం మళ్లుతుందంతే. దానికి చల్లదనం కోసం నీళ్లు అక్కర్లేదు. గ్రీజుతో నిండి, సరిగ్గా బిగిసిన చుక్కాని గ్లాండ్ నుంచి చుక్క కూడా రాకూడదు. వస్తోందంటే లోపం ఉన్నట్టే.

పని మొదలుపెట్టే ముందు కారుడు ఎక్కడి నుంచో తేల్చుకోండి. షాఫ్టు చుట్టూ, గ్లాండ్ డబ్బా చుట్టూ, డబ్బా బోటు అడుగుకి అతికిన చోటు, బోల్టుల తలలు, అన్నీ గుడ్డతో పొడిగా తుడిచి ముగ్గుపిండో సుద్దపొడో చల్లండి. అడుగున తడి ఎక్కడ మొదలైతే అక్కడే కారుడు. షాఫ్టు వెంట వస్తే గ్లాండ్ తాడు, అంటే డబ్బాలో షాఫ్టు చుట్టూ కూరే తాడు, మార్చాల్సిన పని. డబ్బా అడుగు నుంచి వస్తే తాడు ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం లేదు: చెక్కబోటులో అక్కడి కూరుపు పోయి ఉంటుంది, ఫైబరు బోటులో పొర చీలి ఉంటుంది. ఇది స్లిప్‌వే మీదే, అంటే బోటుని నీళ్లలోంచి లాగి నిలబెట్టే వాలు గట్టు మీదే, చేయాల్సిన మరమ్మతు. పొరలో తడి ఉండగా పైన రెసిన్ పూస్తే అతకదు, నాలుగు రోజులు ఆరనివ్వాలి. స్లిప్‌వే వంతు కోసం జూన్ మొదటి వారం దాకా ఆగితే మీకు ఆ నాలుగు రోజులు దొరకవు. వరస పెరిగిన కొద్దీ పని హడావిడి అవుతుంది కాబట్టి ఏప్రిల్ నెలాఖరులోపే వంతు మాట్లాడుకోండి.

ఇప్పుడు మనుషుల ప్రాణాలకు సంబంధించిన జాగ్రత్తలు. ఇవి చదివి వదిలేసేవి కావు.

చుక్కాని బరువు దేని మీద నిలబడి ఉందో తెలియకుండా పైన ఉన్న చెయ్యి (చుక్కానిని తిప్పే అడ్డకడ్డీ), నట్టు, కాలరు (షాఫ్టుకి బిగించిన రింగు) ఊడదీయొద్దు. కొన్ని బోట్లలో కింద మడమ దగ్గర చుక్కానికి ఆధారం ఉంటుంది. కొన్నింటిలో ఏమీ ఉండదు, పైన బిగించిన కాలరు మీదే చుక్కాని మొత్తం వేలాడుతూ ఉంటుంది. నీళ్లలో ఉండగా అది ఊడదీస్తే చుక్కాని జారి అడుగుకి పోతుంది, షాఫ్టు ఉన్న చోట పెద్ద బెజ్జం మిగులుతుంది. స్లిప్‌వే మీద ఊడదీస్తే కింద కూర్చున్న మనిషి కాళ్ల మీద పడుతుంది. ఏ బోటైనా సరే, ముందు చుక్కాని రెక్క కింద దుంగలు పేర్చి జాకీ పెట్టి బరువు దాని మీదకి తెచ్చాకే పైన పానా వేయాలి.

గ్లాండ్ దగ్గర చేతులు పెట్టే ముందు స్టీరింగు చక్రాన్ని తాడుతో కట్టేయండి, చుక్కాని చెయ్యిని కూడా చెక్కతో బిగించండి. పైన గదిలో పిల్లాడు సరదాకి చక్రం తిప్పితే కింద గొలుసుకీ ఆ చుక్కాని చెయ్యికీ మధ్య వేళ్లు నలిగిపోతాయి.

వెనక గది మూత తీయగానే దిగొద్దు. నెలల తరబడి మూసి ఉన్న గదిలో, కుళ్లిన చేపనీళ్లు చేరిన చోట విషవాయువు ఉంటుంది. మొదట కుళ్లు వాసన వస్తుంది, కాసేపటికి ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన పోయిందని గాలి బాగుపడినట్టు కాదు. మూతలన్నీ తీసి, ఫ్యాను పెట్టి గాలి ఆడించి, ఒక మనిషిని మూత దగ్గర నిలబెట్టి అప్పుడు దిగాలి. లోపలివాడు కూలిపోతే పైవాడు కూడా ఆవేశంగా దూకకూడదు. అలా ఒకరి వెనక ఒకరు పోయిన కథలు మన తీరంలోనూ ఉన్నాయి. పొడవాటి తాడు లోపలివాడి నడుముకి కట్టి ఉంటే పైనుంచే లాగొచ్చు. దీపం బ్యాటరీదే వాడండి. వెల్డింగు అవసరమైతే డీజిలు, గుడ్డలు, వలలు అన్నీ తీసేసి, పక్కన మంటలార్పే సిలిండరు, నీళ్ల బకెట్లు పెట్టుకోండి. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బరులో పక్కపక్కన కట్టిన పడవలు ఎలా తగలబడ్డాయో చూసినవాళ్లం మనం.

ఇక తాడు మార్చడం. పాత తాడు మొత్తం తీయాలి, పైన రెండు చుట్లు తీసి కొత్తవి రెండు వేయడం పని కాదు. అడుగున గట్టిపడ్డ చుట్టు అలాగే ఉంటే పైన ఎంత బిగించినా ఒత్తిడి కిందికి పోదు. తీయడానికి తాడు కొక్కెం వాడండి, స్క్రూడ్రైవరుతో పొడిస్తే షాఫ్టు మీద గీతలు పడతాయి. అంతా శుభ్రం చేశాక షాఫ్టు మీద గోరు పైనుంచి కిందికి లాగండి. గోరు ఎక్కడా తట్టుకోకుండా జారితే షాఫ్టు బాగున్నట్టు. గోరు గాడిలో ఆగితే కొత్త తాడు రెండు వేటలు కూడా ఆగదు, షాఫ్టుని లేతు మీదకి తీసుకెళ్లాల్సిందే. స్టీలు షాఫ్టు పైకి మెరుస్తున్నా తాడు కింద గాలి ఆడని చోట సూది బెజ్జాల్లాంటి తుప్పు తింటుంది, అక్కడ లైటు వేసి చూడండి. బయట చుక్కాని రెక్కని రెండు చేతులతో పట్టుకుని పక్కకి ఊపండి. టకటకమని చేతికి తగిలితే బుష్ (షాఫ్టు ఆడే గొట్టం లాంటి తొడుగు) అరిగింది. బుష్ అరిగినంత కాలం షాఫ్టు ఊగుతూ తాడుని నలుపుతూనే ఉంటుంది.

తాడు సైజు కంటితో ఊహించొద్దు. డబ్బా లోపలి కొలతలోంచి షాఫ్టు కొలత తీసేసి సగం చేయండి. డబ్బా 70 మిల్లీమీటర్లు, షాఫ్టు 50 అయితే తాడు 10. పన్నెండుది తెచ్చి సుత్తితో సాగగొట్టి దూర్చితే చుక్కాని బిర్రబిగిసిపోతుంది. షాఫ్టు సైజు పైపు ముక్కకి తాడు చుట్టి, పదునైన కత్తితో ఏటవాలుగా కోస్తే ఒక్కో చుట్టు సరిగ్గా వస్తుంది. ఒకే పొడవు తాడుని స్ప్రింగులా చుట్టి దూర్చకండి, నీళ్లు ఆ చుట్ల వెంబడే దారి చేసుకుంటాయి. ప్రతి చుట్టుకీ నీటికి కరగని గ్రీజు పట్టించి, విడివిడిగా లోపలికి నొక్కుతూ, ఒక చుట్టు అతుకు మీద ఇంకో చుట్టు అతుకు రాకుండా మూడోవంతు తిప్పి వేయండి. చివరికి గ్లాండ్ మూత నట్లు రెండు వైపులా సమానంగా, పావు తిప్పు చొప్పున బిగించాలి. ఒకటి ముందే బిగిస్తే మూత వంకరై షాఫ్టుని కొరుకుతుంది. బిగించిన ప్రతిసారీ చక్రం ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పి చూడండి. బరువెక్కిందంటే ఎక్కువైంది. చెక్ నట్లు (మొదటి నట్టు వదులవకుండా దాని మీద వేసే రెండో నట్లు) వేయడం మర్చిపోవద్దు, ఇంజను అదురుకి మామూలు నట్టు వదులైపోతుంది.

తాడు రకం విషయంలో నా మాట గట్టిగా చెబుతాను. స్టీలు షాఫ్టు మీద, ఉప్పునీళ్లలో నల్ల గ్రాఫైటు తాడు వాడొద్దు. ఆ రెంటి మధ్య ఉప్పునీరు చేరితే షాఫ్టునే తినేస్తుంది. కొవ్వు పట్టించిన నార తాడు గానీ, టెఫ్లాన్ తాడు గానీ తీసుకోండి. పాత ఆస్బెస్టాస్ తాడు డబ్బాలో ఉంటే పొడిగా పీకొద్దు, తడిపి, మాస్కు కట్టుకుని తీసి, సంచిలో మూట కట్టండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే ముప్పు ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ఎంసీల్, సిలికాను పూయడం మరమ్మతు కాదు. కదిలే షాఫ్టు మీద అవి నిలవవు, పైగా కారుడు ఎక్కడి నుంచో కనబడకుండా కప్పేస్తాయి.

బోటుని నీళ్లలోకి దించాక బరువుతో పరీక్షించండి. డీజిలు నింపాక, ఐసు ఎక్కాక, రేవు బయట ఇంజను పూర్తి జోరు మీద నడుపుతూ, చుక్కానిని రెండు వైపులా తిప్పుతూ ఒక మనిషి లైటుతో గ్లాండ్ చూడాలి. కొత్త తాడు మొదటి వేటలో కొంచెం సర్దుకుంటుంది, మూడో రోజు మరో పావు తిప్పు పడుతుంది. దానికి సరిపడే పానా వెనక గదిలోనే మేకుకి తగిలించి ఉంచండి. అదే సైజు తాడు రెండు మీటర్లు, గ్రీజు డబ్బా, పాత సైకిలు ట్యూబు, చెక్క బిరడాలు కూడా సరుకుతో పాటు వెళ్లాలి. ఆ గదిలో నీటి అలారం పెట్టించడానికి అయ్యే ఖర్చు ఒక పూట ఐసు ఖర్చుకి మించదు.

నడిసముద్రంలో కారుడు పెరిగితే తాడు మార్చే ప్రయత్నం చేయొద్దు, ఏ నట్టూ పూర్తిగా ఊడదీయొద్దు. జోరు తగ్గించండి, వెనక భాగం దిగడం తగ్గుతుంది. వలలు, తాళ్లు, చేపల ట్రేలు ముందుకి జరపండి. గ్లాండ్ పైకి లేచినంత మేరా కారుడు తగ్గుతుంది. నట్లు పావు తిప్పు బిగించి, ఆగకపోతే గ్రీజు ముంచిన గుడ్డ షాఫ్టు చుట్టూ పెట్టి దాని మీద సైకిలు ట్యూబుని సాగదీసి చుట్టండి. పంపు కంటే నీళ్లు ఎక్కువ వస్తున్నాయని అనుమానం రాగానే, ఇంకా తేలుతుండగానే, వీహెచ్ఎఫ్ రేడియో 16వ చానల్లో చెప్పండి. ఫోను సిగ్నలు ఉంటే కోస్ట్‌గార్డ్ నంబరు 1554. ట్రాన్స్‌పాండరు (ఉపగ్రహం ద్వారా కబురు పంపే పరికరం) ఉంటే దాని ఆపద బటన్ నొక్కండి. లైఫ్ జాకెట్లు అప్పుడే తొడుక్కోవాలి. నీళ్లు తగ్గాయని మళ్లీ వల వేయకండి, దగ్గరి రేవుకి నెమ్మదిగా తిప్పండి. చేరేదాకా పావుగంటకోసారి ఒకరు వెనక గది మూత తీసి చూస్తూనే ఉండాలి.