మహిళల ఫుట్‌బాల్ జట్టు రికార్డు పట్టిక: లెక్క ఎక్కడ తప్పుతుందంటే

దేశ జట్టు చరిత్ర రాసేవాళ్లలో చాలామంది ముందు టైటిళ్లు ఏరి, తర్వాత మ్యాచ్‌లు వెతుక్కుంటారు. మ్యాచ్‌కో వరస చొప్పున పట్టిక కడితే టైటిళ్లు వాటంతటవే తేలతాయి. భారత మహిళల జట్టునే తీసుకుందాం. రావలసిన చిక్కులన్నీ ఇందులోనే ఉన్నాయి.

స్ప్రెడ్‌షీట్‌లో ఎనిమిది కాలమ్‌లు పెట్టండి: తేదీ, ఊరు, టోర్నీ, దశ, ప్రత్యర్థి, స్కోరు, గోల్ కొట్టినవాళ్లు, హోదా (మ్యాచ్ లెక్కలోకి వచ్చిందా, రద్దయిందా, ఎలా ముగిసింది). చివరి కాలమ్ పెట్టేవాళ్లు తక్కువ. అది లేకే పట్టికలు పాడవుతాయి. 2022 జనవరి 20న నవీ ముంబయిలో ఆసియా కప్‌లో ఇరాన్‌తో 0-0 డ్రా అయింది. మూడు రోజులకు జట్టులో కొవిడ్ పాకి, చైనీస్ తైపే (తైవాన్)తో ఆడటానికి కనీసం 13 మంది లేకపోయారు. భారత్ తప్పుకున్నట్టే లెక్కగట్టి, ఇరాన్ మ్యాచ్‌నూ రద్దు చేశారు. ఆ వరసను తుడిచేయకండి. ‘రద్దు’ అని రాసి, టోర్నీ మొత్తంలో కలపకుండా ఉంచండి.

షూటౌట్‌లో ఓడితే అది ఓటమి కాదు, డ్రా. 2024 శాఫ్ (దక్షిణాసియా దేశాల ఫుట్‌బాల్ టోర్నీ) సెమీఫైనల్లో నేపాల్‌తో 1-1, పెనాల్టీల్లో పోయింది. డ్రా గడిలో వేసి, ‘నిష్క్రమణ’ అని హోదాలో రాయండి.

తేదీలు రెండు రకాలుగా మోసం చేస్తాయి. పత్రికలో వార్త మర్నాడు వస్తుంది కాబట్టి సంచిక తేదీని మ్యాచ్ తేదీగా ఎక్కిస్తే ఒక రోజు జరిగిపోతుంది. బ్రెజిల్‌లోని మనౌస్ నగరంలో ఆ దేశ జట్టు మనపై 6-1తో గెలిచిన మ్యాచ్ అక్కడ 2021 నవంబర్ 25, మనకు 26 తెల్లవారుజాము. ఆడిన ఊరి తేదీయే వేయండి. టోర్నీ సంవత్సరం మాత్రం అధికారిక పేరులో ఉన్నదే: 2016 శాఫ్ ఫైనల్ సిలిగురిలో 2017 జనవరిలో జరిగింది.

పాత రోజులు మరీ గజిబిజి. 1980 జనవరిలో కోజికోడ్‌లో జరిగిన ఆసియా పోటీ కొన్ని జాబితాల్లో 1979 పేరుతో ఉంటుంది; రెండుసార్లు ఎక్కించారో, లేని రన్నరప్ ఒకటి పుట్టుకొస్తుంది. పైగా భారత్ రెండు జట్లను దింపింది. ఫైనల్లో చైనీస్ తైపే చేతిలో 0-2తో ఓడింది ‘ఇండియా ఎస్’. మన రెండు జట్ల మధ్య మ్యాచ్‌ను అంతర్జాతీయ లెక్కలో వేయలేం. 1983 బ్యాంకాక్ ఫైనల్లో థాయ్‌లాండ్ చేతిలో 0-3 ఓటమికి ఇలాంటి పేచీ లేదు.

పేర్ల దగ్గర ‘దేవి’ అని ఊరుకుంటే బెంబెం, బాలా, ఆశాలత ముగ్గురూ ఒకరైపోతారు. నిజామాబాద్ అమ్మాయి గుగులోత్ సౌమ్య పేరేమో ఇంగ్లిష్ జాబితాల్లో ముందువెనకలై ఇద్దరిగా చీలిపోతుంది. ఒక్కో క్రీడాకారిణికి ఒక నంబరు ఇచ్చుకోండి.

ఇక సరిచూడటం. 2025లో ఆడిన 2026 ఆసియా కప్ క్వాలిఫయర్లు మంగోలియాపై 13-0, తిమోర్ లెస్తెపై 4-0, ఇరాక్‌పై 5-0, థాయ్‌లాండ్‌పై 2-1. మీ పట్టిక 4 మ్యాచ్‌లు, 12 పాయింట్లు, 24 గోల్స్, ఎదురు 1 చూపించాలి. గోల్ కొట్టినవాళ్ల కాలమ్ కూడితే 24 రాకపోతే, ఎక్కడో సెల్ఫ్ గోల్‌ను వదిలేశారేమో వెతకండి.