రెడీమేడ్ ఫ్రేములో పాత పెయింటింగ్ అంచులు తెగకుండా

రెడీమేడ్ ఫ్రేము కొలతకి ప్రింటు వేయిస్తే, పేరున్న ప్రకృతి దృశ్య చిత్రాల్లో ఆకాశమో పక్కనున్న చెట్టో సగానికి తెగిపోతుంటుంది. ఫ్రేముని కాదు, అసలు చిత్రం కొలతని పట్టుకోవాలి. మ్యూజియం సైట్లలో అది ఉంటుంది.

ఉదాహరణకి ఇంగ్లిష్ చిత్రకారుడు జాన్ కానిస్టబుల్ 1821లో వేసిన ‘ద హే వెయిన్’. వెడల్పు 185.4, ఎత్తు 130.2 సెం.మీ. భాగిస్తే 1.42. మీ ఫ్రేము లోపలి కొలత 70×50 సెం.మీ. అనుకుంటే, పక్కల 5 సెం.మీ. చొప్పున వదిలితే బొమ్మ వెడల్పు 60. దాన్ని 1.42తో భాగిస్తే ఎత్తు సుమారు 42. పైనా కిందా 4 సెం.మీ. చొప్పున మిగిలే జాగా మౌంట్ బోర్డుది, అంటే బొమ్మ చుట్టూ కనబడే మందపాటి అట్టది. బోర్డులో బొమ్మ కనబడే కిటికీ మాత్రం 59.4×41.4కే కోయించండి, అన్ని వైపులా 3 మి.మీ. ప్రింటు మీదికి రాకపోతే అంచులో తెల్ల గీత కనబడుతుంది, లేదా ప్రింటు జారి ముందుకొస్తుంది. ఈ సైజుకి ఫైలు వెడల్పు కనీసం 3,550 పిక్సెళ్లుండాలి (అంగుళానికి 150).

వెడల్పు ఎత్తుకి రెండింతలుండే చిత్రాలకి ఇది కుదరదు. ఇదే ఫ్రేములో పైనా కిందా 10 సెం.మీ. ఖాళీ మిగిలి బొమ్మ నలిగినట్టుంటుంది. వాటికి ఫ్రేము కొలతిచ్చి చేయించుకోవాల్సిందే.