గీజరు కారుతోందా? మెకానిక్కును పిలిచే ముందు ఇవి చూడండి

తిరుపతిలో చాలా ఇళ్లలో మున్సిపాలిటీ నీళ్లూ బోరు నీళ్లూ ఒకే సంపులో కలిసి మిద్దె మీది ట్యాంకుకు ఎక్కుతాయి. బోరు నీళ్ల ఉప్పు గీజర్లోనూ వాషింగ్ మెషీన్‌లోనూ పేరుకుంటుంది. దానికితోడు, కంపెనీవాళ్లు కావాలనే పెట్టిన కొన్ని ఏర్పాట్లు మనకు రిపేరులా కనిపిస్తాయి. ఈ తేడా తెలియక మంచి సామాను పాత ఇనుముకు వేసేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

గీజరు కింద బొట్లు

"అనా, గీజరు కారతా ఉండాది, కొత్తది కొనాల్నా?" చలికాలం వస్తే అందరూ అడిగే ప్రశ్న ఇది. ముందు ఎక్కడినుంచి కారుతోందో, ఎప్పుడు కారుతోందో చూడండి. చన్నీళ్లు లోపలికి పోయే పైపు దగ్గర ఇత్తడి సేఫ్టీ వాల్వు ఉంటుంది. దానికి పక్కగా ఒక చిన్న ముక్కు. నీళ్లు కాగేటప్పుడు మాత్రమే ఆ ముక్కు నుంచి బొట్లు పడుతుంటే గీజరు బాగున్నట్టే.

నీళ్లు కాగితే పెరుగుతాయి. 15 లీటర్ల గీజర్లో నీళ్లు 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు చేరేసరికి దాదాపు పావు లీటరు ఎక్కువవుతాయి. వేడినీళ్లు చన్నీళ్ల పైపులోకి వెనక్కి పోకుండా ఆ వాల్వే ఆపుతుంది కాబట్టి, పెరిగిన నీళ్లు ముక్కులోంచే బయటికి రావాలి. మరి పక్కింటి గీజరు ఎందుకు కారదు? అక్కడ వెనక్కి పోకుండా ఆపే వాల్వు లేకపోతే, పెరిగిన నీళ్లు వచ్చిన పైపులోనే మిద్దె మీది ట్యాంకు వైపు జరుగుతాయి.

ముక్కుకు సన్నటి ట్యూబు తొడిగి, బాత్రూం జాలీ దాకా వదిలితే చాలు. దయచేసి దాన్ని ఎంసీల్ పెట్టి మూయొద్దు, పుల్ల దూర్చొద్దు. వేడి చాలగానే హీటరును ఆపే థర్మోస్టాటూ, వేడి మితిమీరితే కరెంటు తెంచే కటౌటూ రెండూ పనిచేయని రోజు గీజరు లోపలి ట్యాంకు పగలకుండా ఆపేది ఆ ముక్కే.

స్విచ్ ఆపి గంటలు గడిచినా బొట్లు ఆగకపోతే, వాల్వు లోపల ఉప్పు రవ్వ ఇరుక్కుని ఉండొచ్చు. నీళ్లు చల్లారాక వాల్వు మీది మీటను ఒకటి రెండుసార్లు ఎత్తి దించండి. అప్పటికీ ఆగకపోతే వాల్వు మార్పించండి, గీజరు మార్చక్కర్లేదు. బాడీ అడుగు నుంచి తుప్పు రంగు నీళ్లు వస్తే మాత్రం ట్యాంకు చిల్లు పడినట్టే, కొత్తది తప్పదు. ఆ గతి త్వరగా పట్టకుండా స్టీలు ట్యాంకులో మెగ్నీషియం కడ్డీ పెడతారు. ట్యాంకుకు బదులు అది అరిగిపోతుంది. మన నీళ్లకు ఏడాదికోసారైనా ఆ కడ్డీని విప్పి చూపించమని సర్వీసు అబ్బాయిని అడగండి.

కాగేటప్పుడు పటపటమని శబ్దం వస్తుంటే హీటరు కాయిల్ మీద ఉప్పు పొర కట్టిందని అర్థం. వేడి పెరిగేకొద్దీ ఉప్పు ఎక్కువ పేరుకుంటుంది. కాయిల్ శుభ్రం చేయించి, థర్మోస్టాటును 55-60 దగ్గర ఉంచండి.

కుళాయి బాగా వస్తుంది, వాషింగ్ మెషీన్‌లోకి నీళ్లు రావు

పై అంతస్తులో అద్దెకుండేవాళ్లకు ఇది మామూలు బాధ. అదే కుళాయి కింద బకెట్ పెడితే నిండుతుంది, మెషీన్ మాత్రం ఎర్రర్ చూపి ఆగిపోతుంది. మెషీన్ లోపలి వాల్వు తెరుచుకోవడానికి కరెంటు ఒక్కటే చాలదు, నీళ్ల ఒత్తిడి కూడా కావాలి. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్లకు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. మెషీన్ 0.3 బార్ అడిగితే ట్యాంకు కనీసం 3 మీటర్లు పైన ఉండాలి. మీ మెషీన్ ఎంత అడుగుతుందో దాంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ట్యాంకు సరిగ్గా మీ నెత్తిమీదే ఉంటే ఆ ఎత్తు చాలకపోవచ్చు.

కానీ ఒత్తిడి పెంచే పంపు కొనే ముందు మెషీన్ జాలీ చూడండి. కుళాయి కట్టేసి, మెషీన్ వెనక పైపు విప్పితే వాల్వు నోట్లో చిటికెన వేలంత ప్లాస్టిక్ జాలీ కనిపిస్తుంది. కటింగ్ ప్లయరుతో నెమ్మదిగా లాగితే వస్తుంది. ఇసుక, తెల్లటి ఉప్పు పట్టి ఉంటే వెనిగర్‌లో నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. జాలీ శుభ్రంగానే ఉంటే అప్పుడు ట్యాంకు స్టాండు ఎత్తు పెంచమని ఇంటి ఓనరును అడగండి, లేదంటే చిన్న ప్రెషర్ పంపు పెట్టించండి.

మిక్సీ మధ్యలో ఆగిపోయింది

ఊరిబిండి గట్టిగా రుబ్బుతుంటే ఇలా అవుతుంది. మోటారు కాలిపోకుండా ఓవర్‌లోడ్ స్విచ్ దానంతటదే పడిపోయి ఉంటుంది. ప్లగ్గు తీసి, ఐదు పది నిమిషాలు ఆగి, జారులో సగం తీసేయండి. తర్వాత మిక్సీ అడుగున ఎర్ర బటన్ నొక్కండి. ఖాళీ జారుకే మళ్లీ పడిపోతుంటే షాపుకు తీసుకెళ్లాల్సిందే.

ఫ్రిజ్‌లో కూరగాయల ట్రే కింద నీళ్లు

లోపల వెనక గోడ దగ్గర నీళ్లు బయటికి పోవడానికి చిన్న రంధ్రం ఉంటుంది. కొత్తిమీర ఆకు అడ్డం పడినా చాలు, నీళ్లు లోపలే నిలిచిపోతాయి. మొండి పుల్లతో అడ్డం తీసి గోరువెచ్చని నీళ్లు పోయండి.

స్విచ్ ఆపినా ఎల్ఈడీ బల్బు మినుకుమినుకు

స్విచ్ మీద చిన్న ఎర్ర లైటు ఉంటే, దాని గుండా పోయే కొద్దిపాటి కరెంటే బల్బును మెరిపిస్తుంది. దానితో ప్రమాదం లేదు. ఎర్ర లైటు లేకుండా బల్బు మెరుస్తుంటే, స్విచ్‌ను ఫేజుకు (కరెంటు వచ్చే వైరుకు) బదులు న్యూట్రల్‌కు (కరెంటు తిరిగిపోయే వైరుకు) కలిపారేమో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. అలా కలిపి ఉంటే స్విచ్ ఆపినా హోల్డరులో కరెంటు ఉంటుంది. బల్బు మార్చబోయినవాళ్లకు షాకు కొడుతుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి సరిచేసేదాకా ఆ బల్బు తీయాల్సి వస్తే మెయిన్ ఆపి తీయండి.