మడి నీటి లెక్క – 3వ పాఠం: పైరు తాగిందెంత, నేల తాగిందెంత?

పోయిన పాఠంలో డ్రమ్ము ఎన్ని సెకన్లలో నిండుతుందో చూసి, మోటర్ గంటకు ఎన్ని నీళ్లు పోస్తుందో లెక్కగట్టాం. ఈసారి ఆ నీళ్లు మడిలోంచి ఎటు పోతాయో చూద్దాం.

పోయేది రెండు దారుల్లో. పైరు పీల్చి ఆకుల్లోంచి వదిలేదీ, ఎండకు ఆవిరయ్యేదీ పైకి పోతాయి. ఆ నీళ్లు మళ్లీ మన చేతికి రావు. ఇంకేదీ, గట్టు కింద ఊటగా జారేదీ కిందికి పోతాయి. అవి చాలాసార్లు పల్లంలో ఉన్నవాళ్ల బావిలోనో బోరులోనో తేలుతాయి. ఈ రెండూ విడదీయకుండా "ఇన్ని నీళ్లు ఆదా చేశాను" అంటే నేను నమ్మను.

విడదీయడానికి రెండు పాత పెయింట్ బకెట్లు చాలు. ఒకదాని అడుగు కోసేయండి. రెండిటినీ బురదలో సగానికి పైగా దిగేలా పాతండి, అంచులు మాత్రం నీటికి పైన ఉండాలి. అడుగున్నదాంట్లో అదే మడి బురద నింపండి. రెండిట్లోనూ బయట నాటినంత దూరంలోనే నారు నాటండి. లోపలా బయటా నీళ్లు ఒకే మట్టంలో పెట్టి, పొద్దున ఏడింటికి స్కేలుతో కొలవండి. మర్నాడు అదే వేళకు మళ్లీ కొలవండి. వాన పడితే ఆ రోజు లెక్క వదిలేయండి.

అడుగున్న బకెట్లో తగ్గింది పైకి పోయిన నీరు. అడుగు లేనిదాంట్లో రెండూ కలిసి ఉంటాయి. ఉదాహరణకు మొదటిదాంట్లో 6, రెండోదాంట్లో 14 మిల్లీమీటర్లు తగ్గాయనుకోండి. ఇంకింది 8. ఎకరంలో ఒక్క మిల్లీమీటరు అంటే సుమారు 4,050 లీటర్లు. అంటే రోజుకు 24,300 లీటర్లు గాలిలోకి, 32,400 లీటర్లు నేలలోకి.

నేను మొదటిసారి బకెట్లను గట్టు పక్కనే పాతాను. రెండు రోజులు లెక్క అడ్డదిడ్డంగా వచ్చింది. చూస్తే గట్టుకు ఎండ్రికాయ బొక్క! అందుకే మడి నడుమ పాతండి.

ఇక తడి-పొడి పద్ధతి. చిల్లుల పైపు పాతి, నీటి మట్టం నేలకు 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ నీళ్లు పెడతాం. పూత వేళ మాత్రం నీళ్లు నిలవ ఉంచుతాం. ఇది ఎక్కువగా తగ్గించేది ఆ 8నే, 6 పెద్దగా తగ్గదు. మోటర్ తక్కువ నడుస్తుంది, కరెంటు మిగులుతుంది. అది నిజమైన లాభమే. కానీ కింది రైతు బావి మీ ఊట మీదే బతుకుతుంటే, మీరు ఆపింది అతని నీళ్లనే. డ్రిప్పుకూ ఇదే చిక్కు ఉంది. మిగిలిన నీళ్లతో ఇంకో ఎకరం మిర్చి వేస్తే పంటలు తాగేది మొత్తంగా పెరుగుతుంది.

కాలువ కింద మాత్రం లెక్క మారుతుంది. పై మళ్లలో తక్కువ పెడితే యాసంగిలో చివరి ఆయకట్టుకు టైముకు నీళ్లు అందొచ్చు. అక్కడ టైమే పంట. అదే వానాకాలంలో చెరువు మత్తడి దుంకుతుంటే, ఆదా చేసిన నీళ్లు దాచుకునే చోటేది?

మన వరంగల్ వైపు ఇంకో మెలిక ఉంది. చలివాగు నీళ్లు మానేరులో కలిసి గోదావరికి పోతాయి. ఆకేరు మున్నేరులో కలుస్తుంది, మున్నేరు కృష్ణలో కలుస్తుంది. పాకాల చెరువు కూడా మున్నేరు వైపుదే. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువలో వచ్చిన గోదావరి నీళ్లు ఆకేరు పక్క మడిలో ఇంకితే, వాటి ఊట కృష్ణ దారి పట్టొచ్చు. గోదావరి లెక్కలో అది పోయిన నీరు, కృష్ణ లెక్కలో వచ్చిన నీరు.

ఈ వారం పని: బకెట్ల లెక్క అయిదు రోజులు రాయండి. మీ మడి నుంచి పల్లంలో ఉన్న మొదటి మూడు బావులో బోర్లో ఎవరివో, ఆ నీళ్లు ఏ వాగులో పడతాయో కాగితం మీద గీయండి. ఆ కాగితం దాచిపెట్టండి, నాలుగో పాఠంలో ఆ బావుల్లో నీటి మట్టం కొలుస్తాం.