వేడినీటి బుగ్గ నుంచి నమూనా ఎలా తీయాలి?

వేడినీటి బుగ్గలో సీసా నింపుకుని, ఐస్ పెట్టెలో ల్యాబ్‌కు తెచ్చి, అక్కడ తీరిగ్గా పీహెచ్ (నీరు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె) చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అప్పుడు వచ్చే అంకె సీసాలో నీటిది, బుగ్గది కాదు. సూక్ష్మజీవులు ఎలాంటి నీటిలో బతుకుతున్నాయో తెలియకుండా వాటి పేర్లు పట్టికగా రాసి ఏం లాభం?

కావాల్సినవి: థర్మామీటర్, ఎక్కువ వేడి తట్టుకునే పీహెచ్ ఎలక్ట్రోడ్, 60 మి.లీ. సిరంజిలు, 0.2 మైక్రాన్ ఫిల్టర్లు, ప్లాస్టిక్ సీసాలు, చేతి తొడుగులు, పెన్సిల్. గాజు సీసాలు వద్దు. గాజులోని సిలికా నీటిలోకి దిగుతుంది. అనుమతి ముందే తీసుకోండి, ఒంటరిగా వెళ్లకండి. బుగ్గ అంచున గట్టిగా కనిపించే నేల కింద మరిగే నీరు ఉండొచ్చు. కర్రకు కట్టిన సీసాతో దూరం నుంచే నీరు తీయండి.

ముందు నీరు, ఆ తర్వాతే పాచి పొర. పొరను కదిపితే నీరంతా బురదవుతుంది.

ఉష్ణోగ్రత సరిగ్గా నమూనా తీసే చోటే చూడండి. కిరణజన్య సంయోగక్రియ సుమారు 73 డిగ్రీల సెల్సియస్ దాటితే సాగదు. అందుకే పచ్చటి పొర మొదలైన చోటుకీ దానికి జానెడు పైనున్న చోటుకీ మధ్య జీవులే మారిపోతాయి.

ఇక పీహెచ్. పని చెడేది ఇక్కడే.

భూమి లోపలి ఒత్తిడికి నీటిలో కార్బన్ డయాక్సైడ్ కరిగి ఉంటుంది. పైకి రాగానే, సోడా సీసా మూత తీసినట్టు, అది పోతూ ఉంటుంది, పీహెచ్ పెరుగుతూ ఉంటుంది. సీసాను కుదుపుకుంటూ తెస్తే ఇంకా పెరుగుతుంది. గంధకామ్లం వల్ల పీహెచ్ 2, 3 దగ్గరుండే బుగ్గల్లో ఈ తేడా తక్కువ. మిగతా వాటిలో మాత్రం ఎలక్ట్రోడ్‌ను బుగ్గలోనే ముంచి, అంకె నిలిచేదాకా ఆగాలి.

రెండో చిక్కు వేడి. 25 డిగ్రీల దగ్గర తటస్థ నీటి పీహెచ్ 7. 100 డిగ్రీల దగ్గర అది దాదాపు 6.1. మీటర్‌లో ఆటోమేటిక్ సర్దుబాటు ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. అది ఎలక్ట్రోడ్ స్పందనను మాత్రమే సరిచేస్తుంది, నీటిలో వచ్చిన మార్పును కాదు. పైగా మీటర్‌ను సరిచూసుకోవడానికి వాడే, పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలు, అంటే బఫర్లు కూడా వేడికి మారతాయి. 25 డిగ్రీల దగ్గర 10.01 ఉండే బఫర్ 50 డిగ్రీల దగ్గర సుమారు 9.83. కాబట్టి మూత బిగించిన బఫర్ గొట్టాలను బుగ్గ నీటిలోనే పది నిమిషాలు వేలాడదీసి, ఆ వేడి దగ్గర బఫర్ పట్టికలో ఉన్న విలువతో మీటర్‌ను కాలిబ్రేట్ చేయండి, అంటే సరిచూసుకోండి. చల్లటి బఫర్‌తో కాలిబ్రేట్ చేసిన అంకెల్ని నేను నోట్‌బుక్‌లోకే ఎక్కించను. పీహెచ్ చూపే రంగు కాగితాలు తొందరగా తేల్చేస్తాయి, నిజమే. కానీ రంగు నీటిలో, ఆవిరిలో వాటిని చదవడమంటే ఊహించడమే.

మిగతాది సులువు. అక్కడికక్కడే వడకట్టండి. లోహాల సీసాలో నైట్రిక్ ఆమ్లం వేయండి, నైట్రేట్ కొలిచే సీసాలో వేయకండి. సల్ఫైడ్ గాలి తగిలితే పోతుంది కాబట్టి వెంటనే జింక్ అసిటేట్ కలపండి. సిలికా నమూనాను శుద్ధజలంతో పలచన చేయండి, లేదంటే చల్లారాక గడ్డకడుతుంది.

చివరికి పాచి పొర. శుద్ధి చేసిన చెంచాతో రంగు రంగుగా, పొర పొరగా తీయండి. డీఎన్ఏ కోసమైతే వెంటనే గడ్డకట్టించండి. పెంచాలనుకుంటే గడ్డకట్టించకండి, బుగ్గలో కొలిచిన వేడి దగ్గరే పెంచండి. వేడిని ఇష్టపడే బ్యాక్టీరియా కోసం ఒకప్పుడు చాలామంది 55 డిగ్రీల దగ్గరే వెతికేవారు. అమెరికాలోని ఎల్లోస్టోన్ బుగ్గల నమూనాలను సూక్ష్మజీవ శాస్త్రవేత్త థామస్ బ్రాక్, ఆయన విద్యార్థి హడ్సన్ ఫ్రీజ్ 70 డిగ్రీలకు పైన పెంచి చూశారు. 1969లో వాళ్లు ప్రకటించిన థెర్మస్ ఆక్వాటికస్ అనే బ్యాక్టీరియా అలా దొరికిందే. డీఎన్ఏ నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతిలో వాడే టాక్ ఎంజైమ్ దాని నుంచే వచ్చింది. అందుకే ప్రతి గొట్టం మీదా పెన్సిల్‌తో ముందు రాయాల్సింది ఉష్ణోగ్రత, ఆ తర్వాతే తేదీ.